తట్ట ముందు పెడితే

పోయిన వారం కౌసల్యను మక్తల్ పత్తి మిల్లు షెడ్డులో వదిలేసి వచ్చాం. చెమటకు తడిసిన చున్నీని నడుముకు బిగించుకుని, చేతిలో ఖాళీ తట్టతో, గేటు వైపు చూస్తూ నిలబడి ఉంది. గేటు ముందు తెల్లకారు ఆగింది. అందులోంచి మిల్లు యజమాని రఘుపతి దిగాడు. ఆయన వస్తాడని ఆమెకు తెలుసు. ఆయన వెనకాలే దిగిన మనిషి మాత్రం ఆమె ఊహకు అందలేదు. తెల్ల పంచె, భుజాన కండువా. ఆమె తండ్రి కిష్టయ్య మేస్త్రీ.

వారం గడిచింది కాబట్టి నాలుగు ముక్కలు గుర్తు చేసుకుందాం. కౌసల్య బ్యాలేలు కడుతుంది. ఊళ్లో వాళ్లకు డాన్సు మాస్టరమ్మ. వలస పోయి మట్టి పని చేసే గుంపును నడిపే మేస్త్రీ జంటకు పుట్టి, మక్తల్ హాస్టల్లో చదివి, పీటీ సారు కంట పడి హైదరాబాదులో జిమ్నాస్టిక్స్ నేర్చింది. పొడుగెక్కువైందని అక్కడ పక్కన పెడితే బెంగళూరు వెళ్లి బ్యాలే బడిలో చేరింది. పదేళ్లు ఒక బృందంలో వెనక వరసలోనే ఆడింది. "నీవి రాకుమారి భుజాలు కావు, మట్టి మోసేవాళ్ల భుజాలు" అని ఆ బృందం పెద్ద ఒకసారి అందరి ముందూ అన్నాడు. తిట్టాననుకున్నాడు పాపం. కౌసల్యకు దారి చూపించినట్టయింది. ఆ ఏడే బయటికొచ్చి సొంతంగా ఆటలు కట్టడం మొదలుపెట్టింది.

బ్యాలేలో మొదటి పాఠం బరువును దాచడం. అమ్మాయి గాలిలోకి లేవాలి, అబ్బాయి ఎత్తాలి, ఇద్దరి ముఖాల్లోనూ కష్టం కనిపించకూడదు. కౌసల్య ఆ పాఠాన్ని తిరగేసింది. ఆమె ఆటల్లో బరువు బరువుగానే ఉంటుంది, మోసేవాళ్ల మెడనరాలు చివరి వరసకు కూడా కనిపిస్తాయి. నర్తకులకు ముందు పని నేర్పుతుంది, తర్వాతే అడుగులు. ఊపిరి కుదిరేదాకా పాట పెట్టదు. అమ్మాయిలను మునివేళ్ల మీద నిలబెట్టే ఆ గట్టి బూట్లు ఇంకా ఎందుకని ఎవరో అడిగితే, లారీలో మన్ను పొయ్యాలంటే మా అమ్మ మునివేళ్ల మీదే లేచేదని చెప్పింది. ముంబైలోనూ పై దేశాల్లోనూ ఆమె ఆటలు చూసి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సొంత జిల్లాలో మాత్రం ఇంతవరకు ఒక్క ఆటా ఆడలేదు.

ఇప్పుడు అవకాశం వచ్చింది. రాష్ట్రం వచ్చి పదేళ్లయిన సందర్భంగా ఆదివారం మహబూబ్‌నగర్‌లో 'పచ్చని పాలమూరు' ఉత్సవం. కమిటీ పెద్ద రఘుపతే ఆమెను పిలిపించాడు, ఆడి చూసుకోవడానికి తన మిల్లు షెడ్డు ఇచ్చాడు. ఆట పేరు 'జోడి'. మట్టి పనిలో మొగుడూ పెళ్లాం ఒక జోడి. అతను గుంత తవ్వి తట్ట నింపుతాడు, ఆమె మోకాళ్లు వంచి నిలబడితే ఎత్తి నెత్తిన పెడతాడు. ఆమెకు మొగుడి మీద కోపం వస్తే నోరు చేసుకోదు. ఖాళీ తట్ట పట్టుకుని అతని గుంత దాటిపోయి పక్క గుంత ముందు పెడుతుంది. పక్క గుంతవాడు ఎత్తనని అనకూడదు, ఎందుకని అడగకూడదు. గుంపు కట్టుబాటు అది. ఏ ఇంట్లో పొయ్యి రాజేయలేదో గుంపంతటికీ పొద్దున్నే తెలిసిపోయేది అలాగే.

ఆట మొదట్లో ఒక చిన్న ఘట్టం ఉంది. తండ్రి తన కూతురికి బుల్లి తట్ట తెచ్చి ఇస్తాడు. పిల్ల మురిసిపోతుంది. కౌసల్య కట్టిన వాటన్నిటిలో ఇంత మెత్తని ఘట్టం లేదని ఆమె నర్తకులే అంటారు. అది ఆమె సొంత జ్ఞాపకం. పూనా దిక్కు కాలువ పనిలో ఉన్నప్పుడు కిష్టయ్య ఆమెకు అలాంటి తట్టే తెచ్చాడు. ఆ తర్వాత తల్లి తండ్రిని దాటిపోయే ఘట్టం. అదీ ఆమె కళ్లారా చూసిందే. కానీ రెంటి మధ్యా ఏదో తెగినట్టు ఉంటోంది. తల్లి వేషం కట్టే స్నిగ్ధ రోజూ అడుగుతుంది, "ఎందుకు కోపం అక్కా ఈవిడకి?" అని. "నాకూ తెలవదు. కోపమైతే ఉన్నది, నడువు" అంటుంది కౌసల్య. చెప్పి నడిపించలేక నడువు అంటే, ఏ నర్తకి మాత్రం ఎంతదూరం నడుస్తుంది!

ఇక గేటు దగ్గరికి వద్దాం.

రఘుపతి లోపలికి వచ్చి షెడ్డు నడుమ పోసిన ఎర్రమట్టి కుప్ప పక్కన నిలబడ్డాడు. తెల్ల బూట్లకు మన్ను అంటకుండా ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆయన డ్రైవరు ఇత్తడి బిందె ఒకటి తెచ్చి కింద పెట్టాడు. తళతళలాడుతోంది.

"అమ్మా కౌసల్యా, నువ్వు మా ఊరి ఆడబిడ్డవు. నీ పేరు పెద్దది, మేము గాదంటలేము," అన్నాడు రఘుపతి. "కని గీ తట్టలొద్దు. గీ బిందెలు పట్టుకోని, పచ్చచీరెలు కట్టుకోని ఆడిపియ్యి. బిందెల పూలు పోపిస్త. పాలమూరంటె వలస, పాలమూరంటె తట్ట అన్న మాట ఇప్పుడిప్పుడె నెత్తిమీదికెల్లి దిగుతాంది. పెద్దోళ్లందరు ముందల కూసుంటరు. వాళ్ల ముందల మళ్ల మన్ను మోసి చూపిస్తమా?"

"మోసింది నిజమే గద సారూ."

"నిజమే. నిజమని గోచీ గూడ చూపిస్తమా?"

డ్రైవరు నవ్వాడు. కౌసల్యకు ఒళ్లు మండింది. "గొంగట్ల తినుకుంట ఎంటికలు ఏరితె ఎట్ల సారూ? పాలమూరు మీద ఆట కట్టమన్నరు, కట్టిన. కాలువలు తవ్వినోళ్లను తీసేసి నీళ్లు మాత్రమె చూపియ్యమంటె నాతోని గాదు."

"గాదంటె ఇగ నేను చేసేది లేదు. రేపటికెల్లి షెడ్డుకు తాళం. ఆదివారం ఉత్సవం కాగితంల నీ ఆట ఉండదు. ఇది నా ఒక్కని మాట గాదు. మీ నాయిననే అడుగు."

అందుకన్నమాట తీసుకొచ్చింది. కౌసల్య తండ్రి వైపు తిరిగింది. ఇంట్లో ఆయన ఆమె ఆట గురించి ఒక్కసారీ అడగలేదు. పెద్దరికం కదా, అడగడం నామోషీ అనుకుంది. ఇప్పుడు చూస్తే ఆయన దవడలు బిగిసి ఉన్నాయి.

"నువ్వు గూడ బిందెలే అంటవా నాయినా?"

కిష్టయ్య కండువా సవరించుకున్నాడు. "నీ యమ్మ నెత్తిమీది తట్ట దించనీకి నాకు ఇరువై ఏండ్లు పట్టింది. నువ్వొచ్చి మళ్ల ఎక్కిస్తవా? ఆమె ఇజ్జత్ కోసమన్న ఆలోచన చెయ్యి."

ఆ మాట నేరుగా తగిలింది. తాను తల్లి కష్టాన్ని పొగుడుతున్నాననుకుంటూ ఆమె నెత్తినే మళ్లీ మన్ను పోస్తున్నానా? ఒక్క క్షణం ఆమె నిజంగానే భయపడింది. తలుపు వారగా చూసింది. అక్కడ నర్సింగమ్మ, ఆమె తల్లి, జొన్నరొట్టెల డబ్బా ఒళ్లో పెట్టుకుని ఎప్పటిలాగే కూర్చుని ఉంది. నర్తకులందరికీ మధ్యాహ్నం రొట్టెలు తేవడం, ఆట అయిందాకా చూడటం, లేచి వెళ్లిపోవడం. బాగుందనీ లేదు, బాగోలేదనీ లేదు.

"మొన్న నేను గేటు కాడికెల్లి చూసిన," అన్నాడు కిష్టయ్య. గొంతు తగ్గించాలనుకున్నాడు గానీ తగ్గలేదు. "ఆ పిల్ల మొగన్ని దాటిపోతాంది. మొగడు పార పట్టుకోని బొమ్మ లెక్క నిలవడ్డడు. గది చూసి ఊరంత నవ్వాల్నా? ఒక్కపారి గుంపంత చూసింది, సాలదా?"

రఘుపతి ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపబోయాడు. ఆలస్యమైపోయింది.

కౌసల్యకు అప్పుడు అర్థమైంది. పచ్చదనమూ కాదు, పాలమూరు పరువూ కాదు, తల్లి ఇజ్జత్ అసలే కాదు. ఎన్నో ఏళ్ల కిందట ఒక పొద్దున పెళ్లాం తన గుంత దాటిపోయిన సంగతి ఈయన కడుపులో ఇంకా మండుతోంది. తండ్రి మీద జాలి కలిగింది, దాని వెంటే కోపమూ వచ్చింది.

"అయితె ఇజ్జత్ నీదన్న మాట. అమ్మ పేరెందుకు చెప్తున్నవ్ నాయినా?"

"కౌసల్యా! కడుపు చింపుకుంటె కాళ్లమీద పడ్తది. ఊకో."

"పడనీ," అంది తలుపు దగ్గర గొంతు.

నర్సింగమ్మ డబ్బా పక్కన పెట్టి లేచింది. మోకాలు పట్టుకుని రెండు క్షణాలు నిలబడి, మెల్లగా నడిచొచ్చి, మూలన ఉన్న బుల్లి తట్టను తీసుకుంది. అంచుకు ఎర్రగుడ్డ చుట్టి ఉంది. చిన్నప్పటి తట్ట ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుని కౌసల్యే చేయించింది దాన్ని.

"గిది నీకేమనుకున్నవ్ బిడ్డా? ఆటబొమ్మ అనుకున్నవా?"

"నాయిన తెచ్చిచ్చిండు గదమ్మా. ఆడుకోనీకి."

"ఆడుకోనీకి గాదు, మొయ్యనీకి." నర్సింగమ్మ గొంతులో కోపం లేదు, అందుకే అందరికీ స్పష్టంగా వినబడింది. "మక్తల్ హాస్టల్ల నీకు సీటొచ్చిందని బడి సారు కబురు పంపిండు. మీ నాయిన ఇప్పుడొద్దన్నడు. ఇంకో రెండు చేతులైతయ్ అన్నడు. నీకు తట్ట తెచ్చిండు. నువ్వు అది నెత్తిన పెట్టుకోని గుడిసె సుట్టు ఉరికినవ్, మురిసినవ్. ఆ రాత్రంత నాకు నిద్ర లేదు. ఈయనతోని కొట్లాడితె గెలుస్తనా? మేస్త్రీ ఆయె. తెల్లారి నా తట్ట వట్టుకోని ఆయన గుంత దాటిపోయిన. ఆ మర్నాడు గూడ పోయిన. మేస్త్రీ చేత మేస్త్రీ పెండ్లామే ఎత్తిచ్చుకుంటలేదని గుంపంత గుసగుస పెట్టింది. ఇగ ఎవలకు చెప్తె ఎవరింటరు ఈయన మాట? ఆఖరికి నిన్ను బస్సెక్కిచ్చిండు. నువ్వెళ్లిపోయినంకనే మళ్ల ఆయన గుంత కాడికి వోయిన."

ఇన్నేళ్లూ తండ్రి ప్రేమ అంటే కౌసల్యకు ఆ ఎర్రగుడ్డ తట్టే గుర్తొచ్చేది. వెనక వరసలో నిలబడి ఏడ్చిన రోజుల్లో కూడా దాన్నే తలచుకుంది. బ్యాలే బడి, పై దేశాలు, చప్పట్లు, అన్నీ ఆ పొద్దున తల్లి వేసిన ఆ నాలుగు అడుగుల్లోంచి వచ్చాయని ఆమెకు ఇప్పుడు, ముప్పై ఆరేళ్ల వయసులో, అందరి మధ్యా తెలిసింది. తండ్రి మీద కట్టిన అంత ముద్దైన ఘట్టాన్ని తల్లి రోజూ ఈ తలుపు దగ్గర కూర్చుని చూసింది.

"ఎందుకు చెప్పలేదమ్మా నాకు?"

"నాయిన మీద ప్రేమ, పావురం ఉండనీ అనుకున్న. ఉంటె మంచిదే గద. కని ఇయ్యాల్ల నా పేరు చెప్పి తట్ట దించుమంటుండు. నా తట్ట సంగతి నేను చూసుకుంట."

కిష్టయ్య పత్తి బేళ్ల మీద కూలబడ్డాడు. "అందరి పిల్లలు మోసిరి గప్పుడు," అన్నాడు నేల చూస్తూ. "నా పిల్ల ఒక్కతె బడికి వోతె, మేస్త్రీ బిడ్డకొక నాయం మా బిడ్డలకొక నాయమా అని అడుగుతరని..." మాట పూర్తి చేయలేదు. అబద్ధం చెప్పలేదు ఆయన, అది మాత్రం ఒప్పుకోవాలి.

స్నిగ్ధ ముందుకొచ్చింది. ఆ అమ్మాయి కళ్లు తడిగా ఉన్నాయి. "అక్కా, ఇప్పుడు నాకు తెలిసింది. ఎలా నడవాలో తెలిసింది."

కౌసల్య ముఖం తుడుచుకుంది. దుఃఖం దుఃఖంగానే ఉంది, కానీ పని చేసే బుర్ర పని చేయడం మొదలుపెట్టింది. "చిన్న తట్ట ఘట్టం తియ్యం. అట్లనే ఉంటది. నాయిన ఇస్తడు, పిల్ల మురుస్తది. కని ఇప్పటిదాక తల్లి అప్పుడు అక్కడ లేదు, మనం పెట్టలేదు. ఇప్పుడు ఉంటది. నువ్వు వెనక నిలవడి చూస్తవ్ స్నిగ్ధా. పిల్ల నవ్వుతుంటె నువ్వు చూస్తవ్. చూసి చూసి, తట్ట తీస్తవ్." తర్వాత రఘుపతి వైపు తిరిగింది. "బిందెలు తీసుకపోండి సారూ. తాళం వేసుకుంటె వేసుకోండి. ఆదివారం మక్తల్ అంగడి మైదానంల ఆడ్తం. మన్నుకు మన్నే ఉంటది అక్కడ, మొయ్యనక్కర లేదు."

"ఎవరొస్తరమ్మా చూడనీకి? మేకలా?"

"మోసినోళ్లొస్తరు. ఈ తాలూకాల తట్ట మొయ్యని ఇల్లేది?"

రఘుపతి నవ్వబోయాడు గానీ నవ్వు సరిగా రాలేదు. "మా ఇంట్ల లేదు ఆ అలవాటు," అన్నాడు. ఆయన పుట్టుక గురించి మక్తల్‌లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఎక్కడో కాంట్రాక్టులు చేసి, డబ్బుతో వచ్చి, మూతబడ్డ మిల్లు కొన్నాడు. తాతల నాటి నుంచీ షావుకార్లమని ఆయనే చెప్పుకుంటాడు, ఊరు నమ్మింది.

కౌసల్యకు ఆ నవ్వు నచ్చలేదు. దానికన్నా, ఘట్టంలో ఒక మనిషి తక్కువయ్యాడన్న ఆలోచన ఆమెను వదలడం లేదు. తల్లి దాటిపోయింది సరే. ఎవరి దగ్గరికి? పక్క గుంతవాడి వేషం రిత్విక్‌ది. వాడెలా ఉండాలో అతనికీ ఇంతవరకు తెలియదు.

"అమ్మా, ఆ దినాలల్ల నీ తట్ట ఎవరెత్తిండ్రు?"

"నర్సింగీ!" కిష్టయ్య తటాలున లేచాడు. జీవితంలో మొదటిసారి ఆయన గొంతులో బతిమాలడం వినిపించింది. "వద్దే. ఆ ఒక్కటి వద్దు."

నర్సింగమ్మ మొగుడి వైపు చూడలేదు. "పక్క గుంతల ఒక పిల్లగాడుండె," అంది కూతురితో. "నారాయణపేట దిక్కుకెల్లి వచ్చిండు. అమ్మ లేదు, నాయిన లేడు. మీసం గూడ రాలె. మేస్త్రీకి భయపడి చేతులు వణికినయ్, అయిన ఎత్తిండు. ఎందుకక్కా అని అడగలె. నా రొట్టెల్ల సగం వానికె పెడ్తుంటి."

"నాకు పనున్నది, మల్ల మాట్లాడుకుందం," అంటూ రఘుపతి కారు తాళాల కోసం జేబు తడుముకున్నాడు. తాళాలు డ్రైవరు దగ్గరున్న సంగతి మరిచిపోయాడు.

నర్సింగమ్మ బుల్లి తట్టను కూతురి చేతిలో పెట్టింది. పెద్ద తట్ట తీసుకుని మట్టికుప్ప ముందు వంగింది. పార అందుకోబోయిన రిత్విక్‌ను చేత్తో ఆపి, తానే రెండు చేతులా సగం తట్ట నింపి, నడుముకు ఆనించుకుని లేచింది. నడిచింది. ముందు కిష్టయ్య ఉన్నాడు. ఆయన చేతులు అలవాటుగా ముందుకొచ్చాయి. ఆమె దాటిపోయింది. మోకాళ్లు వంచి సిద్ధంగా నిలబడ్డ రిత్విక్‌నూ దాటిపోయింది. కూతురినీ దాటింది. స్నిగ్ధ ఆ నడకను రెప్పవేయకుండా చూసింది.

నర్సింగమ్మ తిన్నగా వెళ్లి రఘుపతి తెల్ల బూట్ల ముందు తట్ట దించింది. కొంగును చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుంది. ముసలి మోకాళ్లు వంచి, మెడ నిలబెట్టి, ఇన్నేళ్లుగా సారూ అని పిలిచిన మనిషి కళ్లలోకి చూసింది.

"ఎత్తు, రఘుపతీ," అంది.